తగ్గిన అయిదు పాయింట్లు

నేను వెల్డర్ని. ఇప్పుడు ఏ వంపులో ఉన్న పైపు ఇచ్చినా చుట్టూ అతికి ఇవ్వగలను. టెక్కలిలో ఐటీఐ చేశాను. నాలుగేళ్లు గల్ఫులో, ఆ తర్వాత ఆరేళ్లు సింగపూర్‌లో ఓడలు కట్టేచోట పనిచేశాను. మా ఊరు పూండికీ అక్కుపల్లికీ మధ్యన ఉంటుంది. కొబ్బరి, జీడి తప్ప వేరే పంట లేని ఊరు. తుఫానుకి కొబ్బరి చెట్లు పడిపోయాక మిగిలింది జీడి ఒక్కటే. ఇంటికొక వెల్డరో ఫిట్టరో ఏదో ఒక దేశంలో ఉంటాడు కాబట్టి నేను వెల్డర్నంటే మా వైపు ఎవరూ కాదనరు. కాదన్నది ఒక్క కాగితమే. గల్ఫు వీసాలో నా ఉద్యోగం దగ్గర 'బరువులు మోసే కూలీ' అని రాసి ఉంది.

ఆ సంగతి అప్పట్లో నాకు పెద్దగా పట్టలేదు. పంపించిన ఏజెంటు "వీసాలో ఏటి రాస్తే నీకేటి? ఎక్కేక వెల్డింగే ఇత్తారు" అన్నాడు. అన్నట్టే ఇచ్చారు. వెళ్లిన రెండోరోజే ఒక వెల్డరుకి జ్వరం వస్తే నన్ను పిలిచారు. చేసి చూపించాను. ఆ తర్వాత నాలుగేళ్లూ నా చేతిలో వెల్డింగు టార్చే ఉంది. నాకంటూ ఒక నంబరు ఇచ్చారు. నేను అతికిన ప్రతి అతుకు పక్కనా ఆ నంబరు సుత్తితో కొట్టేవాణ్ణి, తేడా వస్తే ఎవరు చేశారో తెలియడానికి. ఆ పైపుల మీద నేను వెల్డర్ని. కంపెనీ పుస్తకాల్లో మాత్రం కూలీనే.

సింగపూర్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు ఒకరోజు నా భార్య గోడమీది క్యాలెండరు ముందు నిలబడి ఏదో లెక్కేస్తోంది. తను మా మేనమామ కూతురు. చిన్నప్పట్నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది.

"ఏటి సూత్తన్నావు?" అన్నాను.

"పెళ్లయి తొమ్మిదేళ్లు కదా బావా. నువ్వు ఇంటికాడున్న నెలలన్నీ కలిపితే పదిహేను వచ్చాయి."

కోపంగా అనలేదు. బియ్యం ఎన్ని డబ్బాలున్నాయో చెప్పినట్టు చెప్పింది. మా పాపకి అప్పుడు ఆరేళ్లు. నేను వచ్చిన మొదటి వారం నా పక్కన కూర్చోడానికి ఇష్టపడేది కాదు. వారం తర్వాత వదిలేది కాదు. ఈలోగా నా సెలవు అయిపోయేది.

అప్పుడే, నాతో పనిచేసిన తమిళ అబ్బాయి ఆస్ట్రేలియా నుంచి ఫోను చేశాడు. అక్కడ వెల్డర్లు కావాలని, నైపుణ్యం ఉన్నవాళ్లకి పాయింట్లు వేసి పిలుస్తారని, ముందు మూడేళ్లు ఏదో చిన్న ఊళ్లో పనిచేస్తే ఆ తర్వాత శాశ్వతంగా ఉండనిస్తారని చెప్పాడు. నన్ను పట్టుకున్నది ఒక్క మాట. "పెళ్లాం పిల్లలతో కలిసి వెళ్లొచ్చు" అన్నాడు. సింగపూర్‌లో పన్నెండుమందిమి ఉండే గదిలో నేను ఆరేళ్లు ఉన్నాను. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే ఉద్యోగం వెల్డరుకి కూడా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. నలభై నిండితే వయసుకి వేసే పాయింట్లు తగ్గిపోతాయట. నాకు ముప్పై ఎనిమిది. కంపెనీకి ఉత్తరం రాసి, పర్మిట్ పొడిగించుకోకుండా ఇంటి దగ్గరే ఉండిపోయాను.

పలాస స్టేషను నుంచి కాశీబుగ్గ వైపు వెళ్లేదారిలో ఒక మేడమీద కన్సల్టెన్సీ ఉంది. అక్కడి కుర్రాడికి ముప్పై దాటవు. టక్ చేసుకుని, మెడలో కార్డు వేసుకుని ఉన్నాడు. నా కాగితాలన్నీ బల్లమీద పరిచి చూశాడు.

"అన్నా, ఏజ్‌కి పాయింట్లు బాగున్నాయి. ఐటీఐకి వస్తాయి. సింగపూర్ ఆరేళ్లకి వస్తాయి. ఏదో ఒక స్టేట్ పిలిస్తే అవి వస్తాయి. మొత్తం అరవై అయిదు ఉండాలి. గల్ఫు నాలుగేళ్లు కూడా లెక్కలోకి వస్తే సరిగ్గా అరవై అయిదు."

"రాకపోతే?"

"అరవై. అరవైతో పని అవదు."

కాసేపు నా వీసా పేజీని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత, చాయ్ తెప్పించనా అన్నంత మామూలుగా, "లెటర్ మనమే చేద్దాం" అన్నాడు. గల్ఫు కంపెనీ పేరుతో లెటర్‌హెడ్, వెల్డరుగా నాలుగేళ్లు చేశానని మేనేజరు సంతకం, కింద ఫోను నంబరు. ఆ నంబరుకి ఎవరైనా చేస్తే వాళ్ల మనిషే మాట్లాడతాడు.

"అబద్ధం కాదు కదన్నా, పని చేసింది నువ్వే కదా" అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. సరేనన్నాను. ఇది దాచిపెట్టను. ఆరోజు మెట్లు దిగుతుంటే నాకు తేలిగ్గా అనిపించింది. మా బావమరిది స్టేషను దగ్గర ఆటో నడుపుతాడు. వాడికి చెప్తే, "అందరూ సేత్తున్నదే బావా, నువ్వు మాత్రం ఎందుకాగాల?" అన్నాడు.

వారంలో లెటర్ తయారైంది. ఇంటికి తీసుకొచ్చి నా భార్యకి చూపించాను. తను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తుంది. పిక్కలు కోసే సెక్షన్లో పని. ఉడికించిన పిక్కని మిషను బ్లేడు కింద పెట్టి, కాలితో తొక్కి, రెండు చెక్కలుగా చేసి పప్పు తియ్యాలి. చెక్కలోంచి కారే నల్లటి చమురు చర్మాన్ని కాలుస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా, ఎంత కొబ్బరినూనె పట్టించినా వేళ్లు నల్లగానే ఉంటాయి. తను ఇంటర్ చదివింది. లెక్కల్లో, ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చాయి. తర్వాత చదవలేదు. పంపించలేదు అనడం సరైన మాట.

లెటరంతా చదివింది.

"ఈ మేనేజరు ఎవరు?"

"ఎవరూ లేరు."

"మరి వాళ్లు ఫోను సేత్తే?"

"కన్సల్టెన్సీ వాళ్లే ఎత్తుతారు."

"ఎత్తినోడు నీ గురించి ఏటి సెప్తాడు? నీ మొకం కూడా సూడలేదు కదా." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "దొరికిపోతే మళ్లీ ఎప్పుడూ రానివ్వరంట కదా బావా? మన పాపని కూడానా?"

ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. ఫారంలో నా పేరు కింద వాళ్లిద్దరి పేర్లూ ఉన్నాయి. నేను దొరికితే ముగ్గురం దొరికినట్టే. తను కన్సల్టెన్సీ ఇచ్చిన రెండో కాగితం తీసుకుంది. అది పాయింట్ల పట్టిక. నేను దాన్ని పైనుంచి కింది దాకా ఎప్పుడూ చదవలేదు, ఆ కుర్రాడు వేలుపెట్టి చూపించిన గళ్లే చూశాను. తను ప్రతి వరసా చదివి, ఒకచోట ఆగింది.

"భార్యకి ఇంగ్లీషొత్తే అయిదు పాయింట్లంట."

"అవునా?"

"ఇదిగో. నా గడిలో వాడు సున్నా ఏసేడు." తలెత్తి నన్ను చూసింది. "నన్ను అడిగేరేటి ఎవరైనా? నువ్వడిగేవా?"

నేనూ అడగలేదు. దరఖాస్తుకి కావలసిన ఇంగ్లీషు పరీక్ష నాకు మాత్రమే అనుకున్నాను. ఎలాగూ నేనే ఆ పరీక్షకి భయపడి చస్తుంటే, తను రాయొచ్చన్న ఆలోచన నాకు తట్టనే లేదు.

ఆ లెటర్‌ని పొయ్యిలో పెట్టాను. కన్సల్టెన్సీ కుర్రాడు విసుక్కున్నాడు, కష్టమవుతుందన్నాడు, ఆఖరికి "మీ ఇష్టం" అన్నాడు. గల్ఫు నాలుగేళ్లూ ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. వీసాలో కూలీ, చేసింది వెల్డింగు, పాయింట్లు అడగట్లేదు. అప్పటి ఫోర్‌మన్ కేరళ ఆయన, నంబరు సంపాదించి ఫోను చేశాను. కంపెనీ మూసేశారని, కావాలంటే తనకి తెలిసింది ఒక ఉత్తరంలో రాసి పంపుతానని అన్నాడు. పంపాడు. దానికి పాయింట్లు రావని తెలిసినా కాగితాల్లో పెట్టాను.

టెక్కలిలో ఒక మేడం ఇంగ్లీషు చెప్పేవారు. స్కూల్లో టీచరుగా చేసి మానేశాక ఇంటి ముందుగదిలో పాఠాలు పెట్టుకున్నారు. విదేశాలకి వెళ్లే నర్సులే ఆవిడ విద్యార్థులు ఎక్కువ. బండి మీద ఇద్దరం కలిసి వెళ్లాం. ఆవిడ కళ్లజోడు పైనుంచి మమ్మల్ని చూసి, "ఎవరికి పరీక్ష?" అని అడిగారు.

"ఇద్దరికీనండి" అంది నా భార్య.

వారానికి నాలుగు రోజులు వెళ్లేవాళ్లం. తను ఫ్యాక్టరీ అయ్యాక పలాస గేటు దగ్గర నిలబడేది, నేను బండి తీసుకెళ్లి ఎక్కించుకునేవాణ్ణి. హైవే మీద టెక్కలి వరకూ ఇంగ్లీషులో మాట్లాడుకోవాలని మేడం పెట్టిన నియమం. లారీల హోరులో వెనకనుంచి తను అరిచేది, నేను ముందుకి చూస్తూ అరిచేవాణ్ణి. ఎదురుగా వచ్చేవాళ్లు మేం పోట్లాడుకుంటున్నామని అనుకుని ఉంటారు. నిజంగా పోట్లాట వచ్చినప్పుడు మాత్రం తెలుగే వచ్చేది.

వినడం, మాట్లాడటం, చదవడం నాకు ఫర్వాలేదు. సింగపూర్‌లో పదిరకాల మనుషులతో పనిచేశాను. రాయడమే రాలేదు. ఊళ్లలో ఉండటం మంచిదా పట్నాల్లో ఉండటం మంచిదా అని అడిగితే నాలుగు వాక్యాల్లో తేల్చేసేవాణ్ణి. మేడం నా కాగితం ఎత్తి చూపించారు.

"ఇదేంటి బాబూ, టెలిగ్రామా?"

"చెప్పాల్సింది అయిపోయింది కదండీ."

"నీకు అయిపోయింది. చదివేవాళ్లకి ఇంకా మొదలే కాలేదు. పైపు అతికేటప్పుడు ముందేం చేస్తావు?"

"అంచులు రుద్ది శుభ్రం చేస్తానండి."

"ఎందుకు?"

"మురికి ఉంటే లోపల బుడగలు వస్తాయి. అతుకు నిలవదు."

"అదిగో, ఇప్పుడు నువ్వు చేసింది చెప్పి, ఎందుకు చేశావో కూడా చెప్పావు. ప్రతి వాక్యానికీ నిన్ను నువ్వే 'ఎందుకు' అని అడుగు. జవాబు రాయి."

తెలుగులో కూడా నన్ను ఎవరూ అలా అడగలేదు. ఆరోజు నుంచి అలాగే రాయడం మొదలుపెట్టాను. చాలా నెమ్మదిగా వచ్చింది.

పరీక్ష విశాఖపట్నంలో. పొద్దున రైలుకి పలాసలో ఎక్కి వెళ్లాం. పరీక్ష కేంద్రంలో లోపలికి వెళ్లేముందు పాస్‌పోర్టు చూసి, ఫోటో తీసి, వేలిముద్ర తీసుకుంటారు. నాది రెండోసారికి పడింది. తనది పడలేదు. కుడిచేతి చూపుడువేలు, బొటనవేలు, ఎడమచేతివి. మిషను ఎర్రగా వెలుగుతూనే ఉంది.

"చేతులు కడుక్కుని రండి మేడం" అన్నాడు అక్కడి ఉద్యోగి.

కడుక్కుని వచ్చింది. మళ్లీ ఎర్ర దీపమే.

"ఏం పని చేస్తారు మీరు?"

"జీడిపిక్కల పనండి. చమురుకి గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో కూడా పడవండి, కన్ను చూపిస్తాను."

అతను మంచివాడే. లోపలికి వెళ్లి ఎవర్నో అడిగి వచ్చాడు. వేలిముద్ర లేకుండా కూర్చోనివ్వడానికి వీల్లేదట, ఇంకో తేదీ ఇస్తామన్నారు. తను సరేనని తలూపి, పక్కకి జరిగి, నన్ను లోపలికి వెళ్లమని చెయ్యి చూపించింది. మూడు గంటలు నేను లోపల రాస్తుంటే తను బయట కుర్చీలో కూర్చుంది. నేను వచ్చేసరికి తన రెండు చేతులూ ఒళ్లో బోర్లా పెట్టుకుని ఉంది. ఎప్పుడూ అలా పెట్టుకోదు.

రైలు శ్రీకాకుళం రోడ్డు దాటాక, "నువ్వెలా రాసేవు?" అని అడిగింది. చెప్పాను. "సర్లే" అంది. వేళ్లు చూసుకుంటూ, "కోత సెక్షన్ ఒగ్గేత్తాను బావా. తోలు మళ్లీ మొలుత్తాది" అంది.

మర్నాడే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరమ్మని అడిగింది. పప్పుని సైజుల వారీగా ఏరే సెక్షన్లోకి మార్చమని. ఆ పనికి కూలీ తక్కువ కానీ చమురు అంటదు. సూపర్‌వైజరమ్మ మొదట ఒప్పుకోలేదు. కోతకి అలవాటైన చేతులు దొరకవంది. తను సంగతంతా చెప్పింది. "ఇంగ్లీషు పరీక్షకి వేళ్లు కావాలా?" అని ఆవిడ నవ్విందట. నవ్వినా మార్చింది. గళ్లగుడ్డ మీద తెల్లటి పప్పు పోసుకుని, గుండూ బద్దా వేరుచేస్తూ రెండున్నర నెలలు కూర్చుంది. రోజూ సాయంత్రం వేళ్లని వెలుతురుకి పెట్టి నాకు చూపించేది. మొదట్లో నున్నగా ఉండేవి. తర్వాత అంచుల్లో సన్నటి గీతలు లేచాయి, కొత్త వరిమడిలో నారు లేచినట్టు.

ఈలోగా నా ఫలితం వచ్చింది. రాయడంలో అరమార్కు తక్కువ. మిగతావన్నీ సరిపోయాయి.

రెండోసారి ఇద్దరం వెళ్లాం. అదే ఉద్యోగి. తనని గుర్తుపట్టాడు. కుడిచేతి వేళ్లు ఒక్కటీ పడలేదు. ఎడమచేతి చూపుడువేలు పడలేదు. అతను ఒక్కొక్క వేలూ పెట్టించాడు. ఉంగరం వేలు దగ్గర పచ్చదీపం వెలిగింది. వెనక వరసలో నిలబడ్డ నర్సమ్మాయి ఒకామె చప్పట్లు కొట్టింది. తను వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఫలితాలు ఫోన్లో వచ్చాయి. తను అన్నిట్లో పాసైంది, కావలసినదానికంటే ఎక్కువే వచ్చాయి. నేను రాయడంలో మళ్లీ అరమార్కుతో పోయాను. ఇంటి అరుగు మీద ఇద్దరం కూర్చుని ఉన్నాం. తనకి సంతోషపడాలో నన్ను ఓదార్చాలో తెలియలేదు. నాకు మాత్రం సిగ్గేసింది. భార్య పాసై నేను తప్పానని కాదు, 'ఇప్పుడు నావల్లే ఆగిపోయింది' అని. ఆ రెండురోజులూ తనతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు తనే కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది.

"నాను అడుగుతాను. నువ్వు రాయి."

మేడంలాగే ప్రతి వాక్యానికీ ఎందుకు, ఎందుకు అని అడిగేది. అలా నలభై రోజులు. మూడోసారి కావలసినన్ని వచ్చాయి. ఒక్క మార్కు కూడా ఎక్కువ లేదు. మేడంకి ఫోను చేస్తే, "చాలు బాబూ, ఎక్కువెందుకు" అన్నారు.

ఆ తర్వాత పని పరీక్ష. అది చెన్నైలో, ఎవరిదో వర్క్‌షాపులో. ఆస్ట్రేలియా నుంచి ఒక పెద్దాయన కెమెరాలో చూస్తుంటాడు. పైపుని నలభై అయిదు డిగ్రీల వంపులో బిగించి, దాన్ని కదపకుండా నేనే చుట్టూ తిరుగుతూ అతకాలి. ముసుగు దించాక నాకు ఇక భయం లేదు. ఏడాదిగా చేతకాని పని చేస్తూ వచ్చాను. ఇది చేతనైన పని. లోపలికి దిగే మొదటి వరస సమంగా పడుతున్న చప్పుడు వినబడుతోంది. వెల్డింగుకి ఒక చప్పుడుంటుంది, సరిగ్గా ఉన్నప్పుడు అది నూనెలో ఏదో వేగుతున్నట్టు ఆగకుండా వస్తుంది.

అయ్యాక ప్రశ్నలు. మొదటి వరస చెడితే ఏం చేస్తావు, ఏ లోహానికి ఏ రాడ్డు, గాలి ఎక్కువుంటే ఎలా. చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆఖర్న ఆయన నా కాగితాలు తిప్పుతూ ఆగాడు.

"గల్ఫులో నాలుగేళ్లు వెల్డింగు చేశానని రాశావు. వీసాలో కూలీ అని ఉంది. ఆ నాలుగేళ్లకి పాయింట్లు కూడా అడగలేదు. ఎందుకు?"

నాకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. వీసా ఏజెంటు తీసింది, నేను చదవకుండా సంతకం పెట్టాను, పని మాత్రం వెల్డింగే చేశాను, రుజువు చెయ్యలేను కాబట్టి అడగలేదు. ఆయన ఏదో రాసుకున్నాడు. "అక్కడ ఏ పైపులు చేశావు?" అని అడిగాడు. దాని గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నాం. అది పరీక్షలో భాగమో, ఊరికే ఆసక్తి కొద్దీ అడిగాడో నాకిప్పటికీ తెలీదు. నెల తర్వాత నన్ను వెల్డరుగా గుర్తించినట్టు కాగితం వచ్చింది. అందులో గల్ఫు నాలుగేళ్లు లేవు. సింగపూర్ ఆరేళ్లు ఉన్నాయి. తన అయిదుతో కలిపి అరవై అయిదు.

ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రం పిలవడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. అప్పటికి నా నలభయ్యో పుట్టినరోజుకి పదకొండు వారాలు మిగిలాయి. పిలిచిన రోజు వయసే లెక్కట. పోలీసు కాగితం కోసం కానిస్టేబుల్ ఊళ్లోకి వచ్చి పక్కింటివాళ్లని అడిగి వెళ్లాడు. చివరిది వైద్య పరీక్ష.

మా ఉద్దానం వైపు పుట్టినవాళ్లకి ఆ పరీక్ష ఎలా ఉంటుందో బయటివాళ్లకి చెప్పడం కష్టం. మా ఊళ్లో ముసలమ్మలకి కూడా కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు. పక్కింటావిడ కూర ఏం వండిందో అడిగినట్టే నీకెంత ఉందని అడుగుతారు. మా మావ, నా భార్య తండ్రి, కిడ్నీలు పాడై మూడేళ్లు పలాస ఆసుపత్రికి డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు వెళ్లి, ఆ తర్వాత పోయాడు. ఎండలో కష్టం చేసినవాడు, ఒక్క అలవాటు లేనివాడు. అందుకని పరీక్షకి మూత్రం సీసా ఇచ్చి వచ్చాక మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. తను మూడు పూటలా నాకు మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చేది, నేను తాగేదాకా అక్కడే నిలబడేది. బావమరిది రోజూ ఆటో మా గుమ్మం ముందు ఆపి, "ఏటైనా వచ్చిందా?" అని అడిగి వెళ్లేవాడు.

పన్నెండో రోజుకి ఫలితం ఆస్ట్రేలియాకి పంపించేశామన్నారు. ఏముందో మాకు చెప్పరు. ఇంకా పరీక్షలు కావాలంటే మళ్లీ పిలుస్తారు. పిలవలేదు. పిలవకపోవడమే మంచి వార్త అని అర్థం కావడానికి మాకు నెల పట్టింది.

వీసా వచ్చినరోజు నేను పూండి గేటు దగ్గర ఉన్నాను. గూడ్సు బండి వెళ్తోంది. ఫోన్లో ఉత్తరం తెరిచి రెండుసార్లు చదివాను. ముగ్గురి పేర్లూ ఉన్నాయి. పాప పేరు స్పెల్లింగు కూడా సరిగ్గా ఉంది. గేటు తీశాక ఇంటికి వెళ్లకుండా నేరుగా పలాస ఫ్యాక్టరీకి వెళ్లాను. గేటు మనిషి లోపలికి వెళ్లి పిలుచుకొచ్చాడు. తను వచ్చి నా మొహం చూసి, "వచ్చిందా?" అంది. ఆ వెంటనే, "ఉండు, సెప్పేసి వత్తాను" అని మళ్లీ లోపలికి పోయింది. ముప్పావుగంట రాలేదు. పళ్లెంలో ఏరాల్సిన పప్పు మిగిలి ఉందట, పూర్తిచేసి వచ్చింది.

మాకు పడిన ఊరు సముద్రానికి చాలా దూరం. చుట్టూ గోధుమ పొలాలు. ధాన్యం నిలవచేసే పెద్ద ఇనుప గాదెలు తయారుచేసే షెడ్డులో నాకు పని. తను మొదటి ఏడాది ముసలివాళ్ల హోమ్‌లో వంటింట్లో చేసింది, ఆ తర్వాత చిన్న కోర్సు చదివి అక్కడే వాళ్లని చూసుకునే పనిలో చేరింది. చలికి మొదట్లో ముగ్గురికీ చేతులు పగిలేవి. పాప మొదటి ఆరు నెలలూ స్కూల్లో ఎవరితోనూ మాట్లాడలేదు, తర్వాత టీచరు పిలిచి ఎక్కువ మాట్లాడుతోందని చెప్పింది. చేపలు అంతగా దొరకవు. దొరికినవి మా అక్కుపల్లి చేపల్లా ఉండవు. తను ఆ సంగతి ఇప్పటికీ ఒప్పుకోదు, వారానికోసారి కొని, వండి, బాగోలేదని తిడుతుంది.

మూడేళ్లు పూర్తయ్యాక శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాం. ఆ కాగితం వచ్చినప్పుడు నేను గాదె అడుగున పడుకుని చివరి అతుకు వేస్తున్నాను. జేబులో ఫోను మోగింది. తన గొంతు.

"వచ్చేసింది బావా. ముగ్గురిదీ."

బయటికి వచ్చి ముసుగు తీశాను. మా ఫోర్‌మన్‌కి చెప్పాను. ఆయన గ్లవ్ తీసి నాతో చెయ్యి కలిపాడు, భుజం తట్టాడు. తర్వాత ఆకాశం వైపు చూసి, వాన పడేలోపు ఆ అతుకు పూర్తిచేస్తావా అని అడిగాడు. పడమటి వైపు మబ్బు నల్లగా ఉంది. సరేనని మళ్లీ లోపలికి దూరాను.